నానో కణాలు వాడాక ఎటు పోతాయి? పిల్లలకి మసి, పటిక, పెసలతో చూపించే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

ఒడిశాలో గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి వైపు సైన్సు చెప్పే టీచర్లు, ట్యూషన్ మాస్టార్లు ఇదే అడుగుతున్నారు. నానో కణాల వల్ల నీళ్లకి, నేలకి ఏమవుతుందో పిల్లలకి చెప్పాలంటే ఎక్కడ మొదలెట్టాలి, మా స్కూల్లో మైక్రోస్కోప్ కూడా సరిగ్గా లేదు అని. ఒక్కొక్కరికి విడిగా వాయిస్ మెసేజ్ పెట్టే బదులు అంతా ఒకేచోట రాసేస్తున్నా. 8 నుంచి 10 తరగతి పిల్లలకి, 5 రోజులు, రోజుకి ఒక పీరియడ్. సామాన్లు సగం వంటింట్లోవే.

నేను మొదటిసారి ఈ పాఠం చెప్పినప్పుడు బోర్డు మీద నిర్వచనం రాసి, లాభాలు ఒక పక్క నష్టాలు ఒక పక్క రాసి వదిలేశా. పీరియడ్ అయ్యాక ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ఇంతకీ నానో మంచిదా చెడ్డదా?" అంది. ఆ పిల్లకి ఆ ప్రశ్న వచ్చిందంటే నేను చెప్పిన పద్ధతిలోనే తప్పుంది. ఆ తర్వాత నుంచి మూడు ప్రశ్నలు పట్టుకున్నా: వాడాక అది ఎటు పోయింది, అక్కడ ఏ రూపంలో ఉంది, ఎంత ఉంది. 5 రోజులూ ఈ మూడింటి చుట్టూనే తిప్పండి, మొదటి రోజే గోడ మీద పెద్దగా రాయించి పెట్టండి.

1. ముందు సర్దుకోవలసినవి

అన్నిటికంటే ముందు ఒక మాట. నానో పౌడర్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, కొనకండి. పొడిగా ఉన్న నానో కణాలు డబ్బా మూత తీస్తే చాలు గాల్లోకి లేస్తాయి, ఊపిరితిత్తుల లోపలి దాకా వెళ్లేంత చిన్నవి. స్కూల్లో వాటికి తగ్గ గాలి ఏర్పాటు, మాస్కులు ఉండవు. కింద చెప్పినవాటిలో ఎక్కడా పొడి నానో పౌడర్ అక్కర్లేదు.

సామాన్ల లిస్టు:

- ఒకే సైజు గాజు గ్లాసులు 8, స్కేలు, దూది, పాత కాటన్ గుడ్డ
- బంగాళాదుంపలు 2, కత్తి
- పాలు ఒక చెంచా, పంచదార, ఉప్పు
- పటిక ముక్క. ఒడియాలో ఫిటికిరి అంటారు, కిరాణా కొట్లో ఆ పేరు చెప్తే తొందరగా ఇస్తారు
- ఆముదం, ప్రమిద, వత్తి, స్టీలు పళ్లెం
- తుమ్మజిగురు, చిన్న ముక్క చాలు
- పొలంలోని బంకమట్టి ఒక గుప్పెడు
- పెసలు ఒక గుప్పెడు, కిందటి ఏడాదివి కాకుండా కొత్తవి
- ఎరువుల షాపులో జింకు సల్ఫేటు, సంచి మీద 21 శాతం అని ఉన్నది, 10 గ్రాములు
- లేజర్ లైటు, లేదంటే ఫోన్ టార్చికి చిల్లు పెట్టిన అట్ట
- వాన నీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ 5 లీటర్లు. బోరు నీళ్లు వద్దు, ఎందుకో మూడో రోజు దగ్గర చెప్తా
- చేతి గ్లవ్స్, మూతున్న ప్లాస్టిక్ సీసాలు 2

ఇంకోటి భాష. మన వైపు పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, స్కూల్లో ఒడియా, కొందరికి ఇంట్లో సవర. ఒకే మాటని ఒక్కొక్కరు ఒక్కోలా అర్థం చేసుకుంటారు. అందుకని ఒక చార్టు మీద మూడు గళ్లు గీసి, కణం, కరగడం, ముద్దకట్టడం, అడుక్కి దిగడం, ఈ నాలుగు మాటలకీ వాళ్ల వాళ్ల మాటలు పిల్లల చేతే రాయించండి. పది నిమిషాలు పోతాయి గానీ తర్వాత రెండు పీరియడ్లు కలిసొస్తాయి. సవర పిల్లలు మొదటిసారి బోర్డు దగ్గరికి ధైర్యంగా వచ్చింది నా క్లాసులో ఈ చార్టు వల్లే.

2. మొదటి రోజు: సైజు బుర్రకెక్కాలి

ఒక నానోమీటర్ అంటే మీటరులో వంద కోట్ల వంతు అని చెప్తే పిల్లలు రాసుకుంటారు, అంతే. స్కేలు తీయించండి. అందులో ఒక్క మిల్లీమీటర్ చూపించి, ఇందులో 10 లక్షల నానోమీటర్లు ఉన్నాయి అనండి. 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్నవాటిని నానో కణాలు అంటాం. మన వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు, మనిషిని బట్టి మారుతుంది.

ఇప్పుడు ఒక పెసరగింజ అరచేతిలో పెట్టి ఈ లెక్క చేయించండి. 50 నానోమీటర్ల కణాన్ని ఈ గింజంత, అంటే 4 మిల్లీమీటర్లు చేశామనుకోండి, 80 వేల రెట్లు పెంచినట్టు. అదే రెట్లు మిగతావి కూడా పెంచితే:

- వెంట్రుక మందం 6 మీటర్లు దాటుతుంది, దాదాపు మన క్లాసు రూమంత
- ఎర్ర రక్తకణం సుమారు రెండడుగుల పళ్లెం అవుతుంది
- మీటరున్నర పిల్లాడు 120 కిలోమీటర్ల పొడుగవుతాడు

ఆ పిల్లాడు గుణుపురంలో పాదాలు పెట్టి వంశధార వెళ్లే వైపు పడుకుంటే తల కళింగపట్నం దాటి సముద్రంలో ఉంటుంది. నేను ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ మొత్తం నవ్వింది, వారం తర్వాత అడిగినా లెక్క మర్చిపోలేదు. అరచేతిలో గింజ ఉండబట్టే ఆ నంబరు గుర్తుండిపోయింది, కాబట్టి గింజ లేకుండా ఈ పాఠం చెప్పకండి.

చివరి పది నిమిషాలు లేజర్. ఒక గ్లాసులో పంచదార నీళ్లు, ఇంకో గ్లాసు నీళ్లలో ఒకే ఒక్క చుక్క పాలు. రూము చీకటి చేసి పక్క నుంచి వెలుగు పంపండి. పాల నీళ్లలో గీత కనిపిస్తుంది, పంచదార నీళ్లలో దాదాపు కనిపించదు. 9వ తరగతిలో కొలాయిడ్ల దగ్గర చెప్పే టిండాల్ ఎఫెక్ట్ ఇదే. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ ఉండలు చాలావరకు 50 నుంచి 300 నానోమీటర్ల మధ్యే ఉంటాయి, వాటితో పాటు అంతకంటే పెద్ద కొవ్వు బిందువులూ ఉంటాయి.

ఇక్కడ జరిగే పొరపాట్లు రెండు. పాలు ఎక్కువ పోస్తే నీళ్లన్నీ తెల్లబడి గీతే రాదు. ఉప్పు నీళ్లు వాడితే ఉప్పులోని మడ్డి వల్ల అందులోనూ గీత వచ్చేసి పిల్లలు తికమకపడతారు, అందుకే పంచదార చెప్పా, అదీ గుడ్డలో వడకట్టి. లేజర్ మాత్రం టీచర్ చేతిలోనే ఉండాలి, ఎవరి కంటి ఎత్తులోనూ వెలిగించొద్దు.

3. రెండో రోజు: ముక్కలు చేస్తే ఏం మారుతుంది

బంగాళాదుంపని 4 సెంటీమీటర్ల ఘనంలా కోయండి. బయటి ఉపరితలం 96 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 2 సెంటీమీటర్ల ముక్కలు 8 చేస్తే 192. ఒక సెంటీమీటర్ ముక్కలు 64 చేస్తే 384. దుంప అంతే ఉంది, బరువు అంతే ఉంది, బయటికి కనిపించే ఒళ్లు మాత్రం ప్రతిసారీ రెట్టింపు. పిల్లల చేతే కోయించి, పిల్లల చేతే లెక్క వేయించండి.

తర్వాత అడగండి, ఒక్క సెంటీమీటర్ ముక్కని ఒక్కో నానోమీటర్ ఘనాలుగా కోయగలిగితే ఎంత? 6000 చదరపు మీటర్లు. అంటే ఎకరంన్నర పొలం. చక్కెర బిళ్లంత వస్తువులో ఎకరంన్నర! రైతుల పిల్లలకి చదరపు మీటర్లు చెప్తే కళ్లు మెరవవు, ఎకరంన్నర అంటే మెరుస్తాయి.

రియాక్షన్ జరిగేది ఉపరితలం మీదే కాబట్టి, పెద్ద ముక్కగా ఉన్నప్పుడు ఊరుకున్న పదార్థం నానో సైజులో చురుగ్గా మారొచ్చు. దీన్ని చూపించడానికి గుడ్డు పెంకు ఒకటి ముక్కగా, ఇంకోటి రోట్లో మెత్తగా నూరి, రెండిటి మీదా నిమ్మరసం పొయ్యండి. పొడి వెంటనే బుసబుస పొంగుతుంది, ముక్క నెమ్మదిగా బుడగలు కడుతుంది. సుద్దముక్కతో చేద్దాం అనుకుంటారు చాలామంది. ఇప్పుడొచ్చే సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో చేసినవి, నిమ్మరసానికి పొంగవు, పీరియడ్ మధ్యలో పరువు పోతుంది. పెంకే నమ్మకం.

ఈ రోజే పెసల ప్రయోగం కూడా మొదలెట్టాలి, లేకపోతే ఐదో రోజుకి వేర్లు రావు. అది ఎలాగో 6వ దాంట్లో చూడండి, చూసి ఇక్కడే మొదలెట్టండి.

4. మూడో రోజు: మట్టి నీళ్లు, మసి నీళ్లు

ఇదే అసలు రోజు. నానో కణం నీళ్లలో పడ్డాక దానికి జరిగే పనులు ముఖ్యంగా నాలుగు. కరగొచ్చు, ఒకదానికొకటి అంటుకుని ముద్దకట్టొచ్చు, మీద వేరే పూత పట్టొచ్చు, లేదా వేరే పదార్థంగా మారిపోవచ్చు. దాని వల్ల ఎవరికి ఏమవుతుందన్నది ఈ నాలుగిటి మీదే ఆధారపడి ఉంటుంది. చాలా పాఠాల్లో ఈ ముక్కే ఉండదు, డైరెక్టుగా "చేపలకి హాని" అని రాసేస్తారు.

ముద్దకట్టడం. బంకమట్టిని వాన నీళ్లలో బాగా గిలకొట్టి పావుగంట వదిలేయండి. ఇసుక అడుక్కి పోతుంది. పైన మిగిలిన మబ్బు నీళ్లని మూడు గ్లాసుల్లో సమానంగా పొయ్యండి. మొదటిది అలాగే ఉంచండి. రెండోదాంట్లో రెండు చెంచాల ఉప్పు. మూడోదాంట్లో చిటికెడు పటిక పొడి. కలిపి వదిలేసి ప్రతి ఐదు నిమిషాలకీ ఫోటో తీయించండి.

పటిక గ్లాసులో ముందు చిన్న చిన్న మెత్తని పింజెల్లాగా కనిపిస్తాయి, మబ్బు విరుగుతున్నట్టు, ఆ పింజెలు ఒకదాని మీద ఒకటి వాలుతూ అడుక్కి దిగుతాయి. ఉప్పు గ్లాసు దాని తర్వాత తేరుకుంటుంది. ఉత్త మట్టి నీళ్లు సాయంత్రం దాకా అలాగే ఉంటాయి. వరదల్లో ఏటి నీళ్లకి మన ఇళ్లల్లో పటిక తిప్పుతాం కదా, చిల్లగింజ అరగదీసి కలుపుతారు కదా, అదే పని. పిల్లలు "మా నాయనమ్మ చేస్తుంది మాస్టారూ" అంటారు, అననివ్వండి, ఆ నాయనమ్మ చేసేది కోయాగ్యులేషన్ అని అప్పుడు చెప్పండి.

ఎందుకు అంటుకున్నాయి? మట్టి కణాల మీద నెగటివ్ చార్జి ఉండి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఉప్పులో, పటికలో ఉన్న పాజిటివ్ అయాన్లు ఆ తోపుడుని తగ్గించేస్తాయి. వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసే చోట జరిగేది కూడా ఇదే, ఉప్పు తగలగానే నదిలో తేలుతూ వచ్చిన సన్న కణాలు ముద్దకట్టి బురదలోకి దిగుతాయి. మనుషులు చేసిన నానో కణాలు కూడా ఉప్పు నీళ్లలో చాలావరకు ఇలాగే ప్రవర్తిస్తాయి. నీళ్లు తేటబడ్డాయి కాబట్టి పీడ పోయింది అని పిల్లలు అనుకోకుండా చూసుకోండి. బురదలోకి చేరాయి, అక్కడ నత్తలు, పురుగులు, అడుగున మేసే చేపలు ఉంటాయి.

బోరు నీళ్లు ఎందుకు వద్దన్నానంటే, చాలాచోట్ల వాటిలో కాల్షియం ఎక్కువ. మట్టి దానంతటదే ముద్దకట్టి మూడు గ్లాసులూ ఒకేలా తేరుకుంటాయి. ఒక ఏడాది నాకు సరిగ్గా ఇదే జరిగింది, పిల్లల ముందు అరగంట నిలబడి ఏమైందో తెలీక ఇంటికొచ్చేశా, మర్నాడు వాన నీళ్లతో చేస్తే చక్కగా వచ్చింది. మీకు అలా అయితే దాన్నే పాఠం చేసేయండి, ఏ ఊరి నీళ్లు ఎలాంటివో దాన్ని బట్టి కణం తలరాత మారుతుందని అంతకంటే బాగా ఇంకేం చెప్తుంది.

పూత పట్టడం. దీనికి మసి. ఆముదం దీపం వెలిగించి, మంట మీద స్టీలు పళ్లెం బోర్లా పట్టి కాటుక పట్టినట్టే పట్టండి. ఆ మసిలో ఉన్న మూల కణాలు పదుల నానోమీటర్ల సైజువి, అంటే పిల్లలు కంటితో చూస్తున్నది నిజంగా నానో కణాల గుంపు. పొడిగా గీకొద్దు, గాల్లోకి లేస్తుంది. ముందు రెండు చుక్కల నీళ్లు వేసి తడిపి గీకండి.

ఒక గ్లాసు మంచి నీళ్లలో కొంచెం మసి వేసి కలపండి. కలవదు. పైన తేలుతుంది, ముద్దలు ముద్దలుగా అంచులకి అంటుతుంది. ఇప్పుడు తుమ్మజిగురుని నీళ్లలో నానబెట్టిన బంకతో అంతే మసిని వేలితో బాగా నూరి, ఆ ముద్దని ఇంకో గ్లాసు నీళ్లలో కలపండి. నల్లటి సిరా తయారవుతుంది, మర్నాటికి కూడా తేరుకోదు. ఒడిశాలో తాళపత్రాల మీద గంటంతో గీసి మసి రుద్దుతారు కదా, ఒడియా పిల్లలకి ఆ మాట చెప్తే వెంటనే అందుకుంటారు.

జిగురు ఏం చేసిందంటే, ఒక్కో కణం చుట్టూ పొరలా పట్టి ఇంకో కణాన్ని దగ్గరికి రానివ్వలేదు. ఏటి నీళ్లలో కుళ్లిన ఆకుల నుంచి వచ్చే పదార్థాలు నానో కణాల మీద ఇలాగే పూత పడతాయి. అప్పుడవి అడుక్కి దిగకుండా తేలుతూ చాలా దూరం పోగలవు. సిరా గ్లాసులో ఉప్పు వేసి చూపించండి, మట్టి నీళ్లలా అంత తొందరగా తేరుకోదు. అదే ఉప్పు, రెండు రకాల ఫలితం.

కరగడం, మారడం. దీనికి ప్రయోగం అక్కర్లేదు, మూడు క్యారెక్టర్లుగా చెప్పేయండి.

- జింక్ ఆక్సైడ్: కరిగే రకం. సన్‌స్క్రీన్లలో ఉంటుంది. నీళ్లలో మెల్లగా కరిగి జింకు అయాన్లు వదులుతుంది, నాచుకి, డాఫ్నియా లాంటి అతి చిన్న నీటి జీవులకి కలిగే హానిలో ఆ అయాన్ల పాత్ర ఎక్కువ.
- టైటానియం డయాక్సైడ్: మొండి రకం. తెల్ల పెయింట్లలో, కొన్ని టూత్‌పేస్టుల్లో, క్రీముల్లో ఉంటుంది. దాదాపు కరగదు. ఎండలోని అల్ట్రావయొలెట్ తగిలితే దాని ఉపరితలం మీద చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి, అవి సూక్ష్మజీవుల్ని దెబ్బతీయగలవు. ఆహారంలో రంగు కోసం దీన్ని కలపడం యూరోపియన్ యూనియన్ 2022లో ఆపేసింది.
- వెండి: వేషం మార్చే రకం. వాసన రాని సాక్సుల్లో, కొన్ని ఫిల్టర్లలో వాడతారు. ఉతికినప్పుడు కొంత నీళ్లలోకి వస్తుంది. మురుగులోని గంధకంతో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది, దాంతో విషం చాలా తగ్గుతుంది. అలా మారకుండా నేరుగా చెరువులోకి పోతే మాత్రం వెండి అయాన్లు బాక్టీరియాకి, నాచుకి బాగా చేటు. మంచి బాక్టీరియా అని తేడా దానికి తెలీదు.

5. నాలుగో రోజు: మన ఊరి దారి గీయడం

నేల మీద సుద్దతో మ్యాపు. ఇల్లు, కాలువ, పొలం, వంశధార, గొట్టా బ్యారేజి, కళింగపట్నం, సముద్రం. రాయగడ పిల్లలైతే నాగావళి గీయండి, పర్లాకిమిడి వాళ్లకి మహేంద్రతనయ. ఒక్కో పిల్లాడికి ఒక్కో వస్తువు పేరు రాసిన చీటీ ఇచ్చి, ఆ వస్తువులోని కణం ఎటు పోతుందో నడిచి చూపించమనండి. ఎక్కడ ఆగాలో, ఎందుకు ఆగాలో వాళ్లే చెప్పాలి.

చీటీల్లో ఫ్యాక్టరీ నానో ఒక్కటే పెట్టకండి. డీజిల్ పొగ, కట్టెల పొయ్యి పొగ, అగరుబత్తి, దోమల చుట్ట, దీపావళి టపాకాయలు, వీటి పొగలో కూడా నానో సైజు కణాలు ఉంటాయి. సముద్రపు తుంపర, అగ్నిపర్వతం బూడిద ప్రకృతివి. ఇవి కలపకపోతే నానో అంటే ఎక్కడో ల్యాబులో పుట్టిన భూతం అనే అభిప్రాయం పడిపోతుంది.

ఇక్కడ పొగ చీటీ వచ్చిన పిల్లాడు ఏటి దాకా వెళ్లాలా, ఇంట్లోనే ఆగాలా అని కొట్లాట మొదలవుతుంది. ఆపకండి.

6. పెసల ప్రయోగం (రెండో రోజు మొదలు, ఐదో రోజు కొలత)

ముందుగా బోర్డు మీద ఇది రాయండి: "ఇది నానో ప్రయోగం కాదు. జింక్ ఆక్సైడ్ కరిగాక వచ్చే జింకు అయాన్లని మాత్రమే చూస్తున్నాం." మనం నానో పౌడర్ వాడట్లేదు కాబట్టి పిల్లలకి అబద్ధం చెప్పకూడదు, ఇది నాకు చాలా ముఖ్యం.

1. పెసలు 6 గంటలు నానబెట్టండి, ముడుచుకున్నవి, పగిలినవి తీసేయండి.
2. గ్లవ్స్ వేసుకుని 5 గ్రాముల జింకు సల్ఫేటు లీటరు నీళ్లలో కలపండి. ఇది పెద్ద డోసు.
3. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి 900 మిల్లీలీటర్ల నీళ్లలో కలపండి. మధ్య డోసు.
4. మధ్య డోసులోంచి మళ్లీ 100 తీసి 900లో కలపండి. చిన్న డోసు.
5. ఉత్త నీళ్లు నాలుగోది. ఇది తప్పనిసరి.
6. ప్లాస్టిక్ మూతల్లో దూది పరిచి, ఒక్కోదాంట్లో 10 గింజలు పెట్టి, అన్నిటికీ సమానంగా ద్రావణం పొయ్యండి. ఒక్కో డోసుకి రెండు మూతలు, అంటే మొత్తం 8.
7. తడి గుడ్డ కప్పి నీడలో పెట్టండి. మూడు రోజుల తర్వాత ఎన్ని మొలిచాయి, వేరు ఎన్ని మిల్లీమీటర్లు అని కొలవండి.

పెద్ద డోసులో వేరు కురచగా, మొండిగా కనిపించాలి. చిన్న డోసు మాత్రం ఉత్త నీళ్లకి దగ్గరగా ఉంటుంది. మనమే వరికి జింకు లోపం ఉంటే ఇదే మందు వేస్తాం కదా అని పిల్లలే అడుగుతారు. అక్కడే "ఎంత ఉంది" అనే మూడో ప్రశ్న వాళ్లకి దొరుకుతుంది. ల్యాబుల్లో హాని చూపించిన చాలా ప్రయోగాలు నదుల్లో ఉండేదాని కంటే ఎక్కువ డోసుతో చేసినవే అని కూడా ఇక్కడ చెప్పండి.

ఫలితం రాకపోతే చూసుకోవలసినవి:

- అన్నీ కుళ్లాయా? నీళ్లు ఎక్కువయ్యాయి, దూది తడిగా ఉంటే చాలు, గింజ మునగకూడదు.
- ఉత్త నీళ్లలోవి కూడా మొలవలేదా? పాత గింజలు. ఫలితం మొత్తం పక్కన పెట్టి మళ్లీ చెయ్యండి.
- డిసెంబరు, జనవరిలో చేస్తున్నారా? మన కొండ ప్రాంతం చలికి ఇంకో రోజు ఆగండి.
- రెండు మూతల మధ్యే బోలెడు తేడా ఉందా? ఒకటి కిటికీ దగ్గర పెట్టి ఉంటారు.

పిల్లలు బాగా పెరిగిన వేరుని, బాగా పెరగని వేరుని ఏరుకుని కొలిచేస్తుంటారు, తమకి కావలసిన జవాబు వచ్చేలా. 20కి 20 గింజలూ కొలవాలి, మొలవనిదానికి సున్నా రాయాలి. ఈ ఒక్క అలవాటు పడితే మిగతా సిలబస్ నేను చెప్పకపోయినా ఫర్వాలేదు అనిపిస్తుంది.

7. నానో యూరియా లెక్క

మన రాయగడ పత్తి రైతుల ఇళ్లల్లో నానో యూరియా అనే, ఆకు మీద కొట్టే ఎరువు సీసా గురించి ఎప్పుడూ మాట నడుస్తూనే ఉంటుంది, కాబట్టి దాటేయకండి. తీర్పు మాత్రం మీరు చెప్పకండి, లెక్క చేయించండి. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల 700 గ్రాములు. 2021లో మొదట వచ్చిన 500 మిల్లీలీటర్ల నానో యూరియా సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. తర్వాత శాతం పెంచినవి వచ్చాయి, మీ చేతిలో ఉన్న సీసా లేబుల్ చూసి లెక్క వేయండి.

ఆకు మీద కొడతాం కాబట్టి వృథా తక్కువ అనేది ఒక వాదన. నేలలో వేసిన యూరియాలో బోలెడంత నీళ్లలోకి, గాల్లోకి పోతుంది, అది నిజమే, అది కూడా కాలుష్యమే. ఎంత వృథా తగ్గినా 20 గ్రాములు అంత పెద్ద లెక్కని ఎలా పూడుస్తాయి అనేది రెండో పక్క సైంటిస్టులు వేసే ప్రశ్న. రెండూ బోర్డు మీద రాసి, పొలంలో దీన్ని తేల్చాలంటే ఏ మడి పక్కన ఏ మడి ఉండాలి అని అడగండి. పెసల ప్రయోగం చేసిన పిల్లలు "ఏమీ కొట్టని మడి కూడా కావాలి" అంటారు. ఇంటికెళ్లి నాన్నతో వాదన పెట్టుకోవద్దని మాత్రం చెప్పండి, ఎరువు విషయంలో ఆయన ఖర్చు, ఆయన అప్పు ఉంటాయి.

8. టీచర్లు చేసే పొరపాట్లు, సర్దుబాట్లు

- భయపెట్టడం. "క్రీము రాసుకుంటే క్యాన్సర్" అని ఒక పిల్లాడు ఇంట్లో చెప్పి, వాళ్ల అమ్మ నా దగ్గరికి వచ్చింది. ఆ మాట నేను అనలేదు, కానీ అనుకోనివ్వకుండా చూడాల్సిన బాధ్యత నాదే. ప్రతి హాని వాక్యం వెనక "ఎంత డోసులో, ఎవరికి" అని రాయించండి.
- నానో, మైక్రోప్లాస్టిక్, పురుగుమందు, మూడూ కలిపేయడం. విడివిడిగా గళ్లు గీసి సైజు, పదార్థం రాయించండి.
- అన్ని నానో కణాలూ ఒకటే అన్నట్టు చెప్పడం. పేరు లేకుండా "నానో కణం" అని వాక్యం రాస్తే మార్కు ఇవ్వను అని ముందే చెప్పేయండి.
- చేపలు తెచ్చి గ్లాసులో వేసి ప్రయోగం చేయడం. వద్దు. పెసలతో సరిపోతుంది.
- సిల్వర్ నైట్రేట్‌లో తులసి కషాయం పోసి నానో వెండి చేసే వీడియోలు చూసి స్కూల్లో చేయించడం. ఆ రసాయనం చేతికి తగిలితే నల్ల మచ్చలు రోజుల తరబడి పోవు, మిగిలిన ద్రావణం కాలువలో పోస్తే మనం చెప్పిన పాఠానికి మనమే వ్యతిరేకం. కాలేజీ ల్యాబుకి వదిలేయండి.

9. పరీక్ష ఎలా పెట్టాలి

నిర్వచనం అడగకండి. నేను అడిగేవి ఇలాంటివి: వెండి సాక్సులు గుణుపురంలో ఉతికితే ఆ వెండి కళింగపట్నం చేరేలోపు దానికి ఏమేం జరగొచ్చు? మట్టి నీళ్లు ఉప్పుకి తేరుకున్నాయి, సిరా తేరుకోలేదు, ఎందుకు? ఒక కంపెనీ "మా నానో పెయింటు నూరు శాతం సేఫ్" అంటే నువ్వు అడిగే మూడు ప్రశ్నలు ఏవి? ఒడియాలో రాసినా తెలుగులో రాసినా, రెండూ కలిపి రాసినా మార్కులు వేయండి.

10. మిగిలిన జింకు నీళ్లు

రెండో ఏడాది ప్రయోగం అయిపోయాక పెద్ద డోసు గ్లాసు తీసుకుని అలవాటుగా కిటికీ పక్కన కాలువ వైపు నడిచా. మొదటి ఏడాది అందులోనే పోశా. వెనక నుంచి ఒక పిల్లాడు, "మాస్టారూ, అది ఏటిలోకే కదా పోతుంది" అన్నాడు. గ్లాసు వెనక్కి తెచ్చేశా.

అప్పటి నుంచి ఇలా చేస్తున్నాం:

- మూడు డోసుల ద్రావణాలూ ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పోసి, పిల్లలకీ పశువులకీ అందని చోట ఎండలో పెట్టాలి, మీద దోమతెర కట్టాలి.
- నీళ్లన్నీ ఆరాక అడుగున మిగిలిన తెల్లటి గడ్డని గ్లవ్స్‌తో గీకి మూతున్న సీసాలో వేయాలి. దాన్నే వచ్చే ఏడాది బ్యాచికి వాడుకోవచ్చు, అందులో దుమ్ము కలిసి ఉంటుంది కాబట్టి పెద్ద డోసుకి మాత్రమే.
- దూది, మొలకలు ఎండబెట్టి విడి కవర్లో కట్టాలి. కోళ్లకి, మేకలకి వేయకూడదు, మొలకలు ఎవరూ తినకూడదు.
- మట్టి నీళ్లు, పటిక నీళ్లు, సిరా మొక్కలకి దూరంగా మట్టిలో పోసేయొచ్చు.
- సీసా మీద పదార్థం పేరు, తేదీ, "తాగకూడదు" అని మూడు భాషల్లో పిల్లలే రాసి అతికించాలి, తాళం ఉన్న బీరువాలో పెట్టాలి.